సదరు తోడేలు

నా తోడేలు నాన్‌లోకల్ అని తేల్చేశారండీ!

పదమూడు నవలల్లో ఒక్కసారి కూడా కొల్లేటి గట్టు దాటి కాలు బయట పెట్టినవాడు కాదు. కొర్రమీను పులుసు లేనిదే ముద్ద దిగదు వాడికి. పక్క జిల్లా ఎటువైపు ఉందో కూడా తెలీదు. అలాంటివాణ్ణి పట్టుకుని నాన్‌లోకల్ అంటే ఒళ్ళు మండదూ మరి?

ముందు నా సంగతి చెప్పాలి. నా పేరు పెనుమర్తి సౌదామిని. భీమవరంలో హిందీ పండితురాలిగా చేసి రిటైరయ్యాను. పొద్దున్న పిల్లలకి క్రియాపదాలు చెప్పి, సాయంత్రం ఇంటికొచ్చి దెయ్యాల నవలలు రాసుకునేదాన్ని. దెయ్యాలంటే అన్నీ కాదు. మోహినులు నాకు నచ్చవు, ఎప్పుడు చూసినా తెల్లచీర, మల్లెపూలు, గజ్జెల చప్పుడు. కొరివిదెయ్యాలకి మాటా మంతీ ఉండదు. బ్రహ్మరాక్షసులకి మరీ చదువెక్కువ, వాళ్ళని చూస్తే మా హెడ్మాస్టరు గుర్తొచ్చేవాడు. నా ప్రాణమంతా తోడేలు మనిషి మీదే.

ఏడో తరగతిలో ఉండగా మా ఊరి టూరింగు టాకీసులో డబ్బింగు సినిమా ఒకటి చూశాను. పున్నమి రాత్రి ఒక పెద్దమనిషికి ఒళ్ళంతా బొచ్చు మొలిచి, చొక్కా పిగిలిపోయి, చంద్రుడివైపు మోరెత్తి ఒక్క కూత కూశాడు. మా అమ్మ కళ్ళు మూసుకుంది. నేలలో కూచున్న పిల్లలంతా కెవ్వుమన్నారు. తెల్లారాక ఆ మనిషి లేచి, చేతులకి అంటిన నెత్తురు చూసుకుని, ఏటి ఒడ్డున కూచుని కడుక్కుంటూ వెక్కి వెక్కి ఏడ్చాడు. అయ్యో పాపం, ఎంత కష్టమొచ్చిందిరా నాయనా అని నేనూ ఏడ్చాను. ఇన్ని రకాల దెయ్యాలున్నాయి కదా, మర్నాడు పొద్దున్న సిగ్గుపడే దెయ్యం మాత్రం ఇదొక్కటేనండి.

అప్పట్నుంచీ తోడేలు మనిషి ఎక్కడ కనిపించినా వదల్లేదు. సినిమా పోస్టర్లు, పాత చెక్కడాల ఫోటోలు, ఎవరో సీమదొర వేసిన తైలవర్ణ చిత్రం తాలూకు కాలెండరు. పెళ్ళయి కాపురానికొచ్చేటప్పుడు సారెతో పాటు ఒక ట్రంకుపెట్టెడు తోడేళ్ళని తెచ్చుకున్నాను. చీరలనుకుని మా అత్తగారు ఆ పెట్టె తెరిచి, ఆ పూట అన్నం తినలేదు.

నా తోడేలు పేరు సింహాచలం. దర్జీ. నత్తలంక అనే కొల్లేటి ఊళ్ళో అరుగు మీద మిషను పెట్టుకుని కుడతాడు. ప్రతి పున్నమికీ ఒంటిమీది బట్టలు పీలికలైపోతాయి. తెల్లారాక సిగ్గుతో చచ్చిపోతూ, తుంగలో పడ్డ పీలికలన్నీ ఏరుకొచ్చి తనే కుట్టుకుంటాడు. ఎన్నికల డ్యూటీకి వెళ్ళినప్పుడు చూశాను ఆ ఊరు. చుట్టూ నీళ్ళు, నీళ్ళలో కొంగలు, ఎటు చూసినా మనిషి దాక్కోవడానికి వీలైన తుంగ. నా వాడికి ఇదే ఇల్లు అనిపించింది. కవరు బొమ్మలు వేసే ఆర్టిస్టు మాత్రం జన్మలో తోడేలును చూసినవాడు కాదు. మొదటి నవలకి పోలీసు కుక్కని వేసి పంపాడు, మెడలో పట్టీతో సహా. ఆయన్ని నేనే జూకి తీసుకెళ్ళి, వేరుశెనక్కాయలు కొనిపెట్టి, బోను ముందు కూచోబెట్టి గీయించాను. ఇప్పుడాయన వేసే సింహాచలం కళ్ళలోకి చూస్తే నాకే గుండె కరిగిపోతుంది.

అంత ముద్దుగా పెంచుకున్నవాడి మీద పడింది సర్కారు కన్ను.

ఏదో సభలో ఒక పెద్దాయన లేచి, "మన పిల్లలు విదేశీ దెయ్యాలకు భయపడుచున్నారు, ఎంతటి సిగ్గుచేటు!" అన్నాడట. అందరూ చప్పట్లు కొట్టారట. చప్పట్లు కొట్టాక సంస్థ పెట్టకపోతే బాగోదు కదా. భయానక సాహిత్య స్థానికీకరణ సంస్థ అని పెట్టారు. కారు ఇచ్చారు, బిల్డింగు ఇచ్చారు, ఒక ప్రత్యేకాధికారిని ఇచ్చారు. ఆయన వచ్చీ రాగానే ఉత్తర్వు వేశాడు. ఇకమీదట గ్రంథాలయాల్లోని పుస్తకాల్లో భయపెట్టే శక్తులు నూటికి ఎనభై అయిదు పాళ్ళు లోకల్ అయి ఉండాలి. మిగతా పదిహేను పాళ్ళూ ఓపెన్. ఆ పదిహేనూ సిఫార్సులున్న రక్తపిశాచులు ఎత్తుకుపోయాయి. నా సింహాచలానికి సీటు లేదు.

నెలలోగా పదమూడు నవలలూ బీరువాల్లోంచి తీసేస్తారట. నా పుస్తకాలు ఇప్పుడు కొట్లలో దొరకవండి. అచ్చు వేసినాయన కాలం చేశాడు, ఆయన కొడుకు ఆ కొట్లో సెల్ ఫోన్ల కవర్లు అమ్ముకుంటున్నాడు. నా వాడు బతికున్నది గ్రంథాలయాల్లోనే. అక్కణ్ణుంచి గెంటేస్తే వాడు చచ్చినట్టే.

"వెళ్ళి మాట్లాడితే పోలా?" అన్నారు మా ఆయన పేపరు లోంచి తల ఎత్తకుండా. మా ఆయన శేషావతారం గారు ఇరిగేషన్లో సూపరింటెండెంటుగా చేసి రిటైరయ్యారు. ప్రపంచంలో ఏ ఉపద్రవమొచ్చినా ఆయన అదే మాట అంటారు.

వెళ్ళాను. బెజవాడ ఆఫీసులో ప్రత్యేకాధికారి చిదంబరేశ్వరరావు గారు గుండ్రంగా, శుభ్రంగా, ఇస్త్రీ చేసినట్టు ఉన్నారు.

"ఆసీనులు కండి మేడమ్. మీ తోడేలు విషయము మా సంస్థ దృష్టికి వచ్చియున్నది."

"నవలలు చదివారాండీ?"

"చదువుట మా పరిధిలోనికి రాదు. స్థానికత వరకే మా పరిధి. సదరు తోడేలు నాలుగవ తరగతి నుండి పదవ తరగతి వరకు ఎక్కడ చదివినది?"

నేను ఆయన మొహంలోకి చూశాను. ఎక్కడా నవ్వు లేదు.

"సింహాచలం ఆరో క్లాసులో మానేశాడండి. మూడో నవలలో రాశాను."

"అది మనిషిగా. తోడేలుగా ఎక్కడ చదివినది అని అడుగుచున్నాను."

"తోడేలుగా వెళితే బళ్ళో ఎవరు చేర్చుకుంటారండీ?"

"చూశారా, అక్కడే చిక్కు!" ఆయనకి సంతోషం ఆగలేదు. "మనిషి లోకల్ కావచ్చును. పున్నమి నాడు వెలువడు తోడేలు నాన్‌లోకల్ కావచ్చును. ఒకే శరీరమునకు రెండు స్థానికతలు నిబంధనలు అంగీకరించవు. పైగా తోడేలు మనిషి అనునది విదేశీ సరుకు అని నిపుణుల కమిటీ అభిప్రాయపడినది."

"కమిటీలో తోడేళ్ళ గురించి తెలిసినవాళ్ళెవరైనా ఉన్నారాండీ?"

"పశుసంవర్ధక శాఖ నుండి ఒకరు కలరు." ఆయన ముందుకు వంగి గొంతు తగ్గించారు. "మేడమ్, మీరు పెద్దవారు కనుక చెప్పుచున్నాను. ఒక సులభోపాయము కలదు. సదరు తోడేలును ఏదేని స్థానిక జంతువుగా మార్చండి. ఉదాహరణకు గేదె. పున్నమి నాడు మీ దర్జీ గేదెగా మారినచో ఈ పూటే సంతకము చేసెదను."

"గేదె ఎవర్ని కరుస్తుందండీ?"

"కుమ్మును. కుమ్ముట కూడా భయానకమే."

మా సింహాచలం పున్నమి వెన్నెట్లో మోరెత్తి అంబా అంటున్నట్టు కళ్ళకి కట్టింది.

"కుదరదండి," అన్నాను. "చస్తే కుదరదు."

"అటులైనచో తహసీల్దారు వారి నుండి నివాస ధ్రువపత్రము సమర్పించండి. మనిషి రూపమునకును, తోడేలు రూపమునకును వేర్వేరుగా." అని ఆయన బల్ల మీది బెల్లు నొక్కారు.

తహసీల్దారు ఆఫీసులో ఎవరూ ఆశ్చర్యపోలేదండి. అదే నాకు ఆశ్చర్యం. సింహాచలం అనే దర్జీకి, పున్నమికి తోడేలవుతాడు, లోకల్ సర్టిఫికెట్టు కావాలి అంటే, ఆధార్ లింకయ్యిందా అని మాత్రం అడిగారు. లేదంటే, అయితే విచారణ పడుతుంది అన్నారు. వీఆర్వో పల్లాలరావుకి అప్పజెప్పారు.

పల్లాలరావు మంచివాడే. నన్ను 'టీచరమ్మ గారూ' అని పిలిచేవాడు. ఇద్దరం దోనె ఎక్కి నత్తలంక వెళ్ళాం. దారంతా నాకదే ఆలోచన. అసలు లేని మనిషి గురించి ఊళ్ళో విచారణ ఏమిటి, ఎవరైనా 'అలాంటివాడు ఇక్కడ లేడు' అంటే అయిపోయినట్టే కదా!

చేపలు తూకం వేసే షెడ్డులో జనాన్ని పోగేశారు. పల్లాలరావు గొంతు సవరించుకుని చదివాడు. "దర్జీ సింహాచలం అనువాడు, ఇతడు ప్రతి పౌర్ణమికి తోడేలుగా మారును. ఇతనిని మీరు ఎరుగుదురా?"

షెడ్డు బయట ఎవరిదో బాతు మాత్రం అరిచింది.

కాసేపటికి గనిరాజు అనే మాజీ సర్పంచి లేచాడు. "ఎరుగుదుమంటే ఏమైనా ఇత్తారాండీ?"

"ఇచ్చేది ఏం లేదండి బాబూ. ఉత్త విచారణ."

"ఆయ్, తుఫాను అప్పుడూ ఇలాగే ఉత్త విచారణ అన్నారండి. ఏమైనా పోయిందా అంటే ఏం పోలేదన్నాం, నిజం చెప్పి. మర్నెల పక్కూరోళ్ళకి ఇంటికో రేకుల కట్ట ఇచ్చారు. మాకు ఏం పోలేదంట గదా, అందుకని మాకివ్వలేదండి."

షెడ్డంతా గుసగుసలాడింది. నిజం చెప్పి నష్టపోయిన ఊరండి అది. రెండోసారి నష్టపోవడానికి ఎవరూ సిద్ధంగా లేరు.

"ఎరుగుదుం!" అన్నాడు గనిరాజు గట్టిగా.

"ఎరక్కపోవడమేంటండి?" అందుకుంది వెనకనుంచి బాతులు మేపే చంద్రకాంతం. "నా జాకెట్టు ఆడే కుట్టాడు. చేతులు బిగుతు చేసేశాడు, సచ్చినోడు!"

"తోడేలుగా ఎరుగుదురా?" అని అడిగాడు పల్లాలరావు.

"అయ్యో, నా బాతుల్ని ఎవరు తిన్నారనుకుంటన్నారు? ఆడే గదా!"

"మా మేకపోతుని కూడానండి."

"మాయి రెండండి. ఒకటి సూడిది."

అరగంటలో నా సింహాచలం, పదమూడు నవలల్లో తిన్నదానికంటే ఎక్కువ తినేశాడు. ఒకాయన తన వల కొరికేశాడన్నాడు, ఇంకొకాయన తన పెళ్ళి చెడగొట్టాడన్నాడు. పల్లాలరావు అన్నీ రాసుకున్నాడు. నా కళ్ళలో నీళ్ళు తిరిగాయి. నవల రాసేటప్పుడు నేను కూడా వాణ్ణి అంత గట్టిగా నమ్మలేదేమో అనిపించింది.

వారం తిరక్కుండా సర్టిఫికెట్టు వచ్చేసింది. సదరు సింహాచలం మనిషిగాను, తోడేలుగాను నత్తలంక వాస్తవ్యుడని, ఉభయ రూపములలోను సత్ప్రవర్తన గలవాడని. సత్ప్రవర్తన మాట అడక్కుండానే వేశారు, ఆ ఫారంలో అది ముందే అచ్చయి ఉంటుందట. నవలలన్నీ బీరువాల్లోనే నిలిచాయి. ఒక్కొక్క దాని మీద గుండ్రటి ఆకుపచ్చ స్టిక్కరు, 'స్థానిక భయం' అని. ఆ సాయంత్రం ఇంట్లో పూర్ణాలు వండాను. మా ఆయన చేత అయిదు తినిపించాను.

ఆ పూర్ణాలు తిన్న నెలలోపే ఇంటి ముందు పోలీసు జీపు ఆగిందండి.

జరిగిందేమిటంటే, నత్తలంక వాళ్ళు మేకలకీ బాతులకీ పరిహారం ఇమ్మని అర్జీ పెట్టుకున్నారు. పరిహారం కావాలంటే పోలీసు కేసు ఉండాలన్నారు ఆఫీసువాళ్ళు. సరే అని వీళ్ళు వెళ్ళి ముక్తకంఠంతో సింహాచలం మీద ఫిర్యాదు ఇచ్చారు. విచారణాధికారిగా వచ్చిన ఇన్‌స్పెక్టరు ధర్మలింగం గారు మంచి చదువరి. ఆ మేకల సంగతి తెలుసుకుందామని నా నవలలు పదమూడూ తెప్పించుకుని, రెండు వారాలు సెలవు పెట్టి మరీ చదివారు.

"మేడమ్, నేను మీ అభిమానినయిపోయాను," అన్నారు కుర్చీలో కూచుంటూ. "ఎనిమిదో నవలలో రొయ్యల వ్యాపారిని చంపిన తీరు ఉందే, అబ్బ! ఒళ్ళు గగుర్పొడిచింది."

"థాంక్సండి," అన్నాను మురిసిపోయి.

"మొత్తం మీద పంతొమ్మిది హత్యలు తేలాయి. ముద్దాయి ఎక్కడున్నాడు?"

"ముద్దాయి ఏమిటండీ? వాడు నవల్లో పాత్ర!"

"మీరు కళ్ళారా చూసినట్టు రాశారు కదా."

"అది వర్ణనండీ!"

"కోర్టులో దాన్నే ప్రత్యక్ష సాక్ష్యం అంటారు మేడమ్."

"అయ్యా, వాడు లేడు. నేను కల్పించాను. వాడికి అమ్మా నాన్నా అన్నీ నేనే!"

ఆయన మొహంలో అభిమానం పోయి ఉద్యోగం వచ్చింది. సర్టిఫికెట్టు నకలు తీసి బల్ల మీద పెట్టారు. "లేనివాడికి ప్రభుత్వం ధ్రువపత్రం ఇచ్చిందని ఆరోపిస్తున్నారా? బాగా ఆలోచించుకుని చెప్పండి. అది వేరే కేసు అవుతుంది. అందులో ముద్దాయి మీరు."

నేను ఆ నకలుని మెల్లిగా ఆయనవైపే జరిపాను.

"మీరు పెద్దవారు, పైగా రచయిత్రి. ఇబ్బంది పెట్టడం నాకిష్టం లేదు," అన్నారాయన కొంచెం మెత్తబడి. "రెండు దార్లున్నాయి. వాణ్ణి తీసుకొచ్చి స్టేషన్లో అప్పగించండి. అది కుదరకపోతే, చనిపోయినట్టు చూపించండి. పద్నాలుగో నవల రాయండి, మీ ఇష్టమొచ్చినట్టు చంపండి. వెండి తూటా అంటారు కదా, అది వాడినా అభ్యంతరం లేదు. పుస్తకం ఒకటి ఫైలుకి జతచేసి కేసు మూసేస్తాను. వచ్చే పున్నమి లోపల ఏదో ఒకటి కాకపోతే మాత్రం, పదమూడు నవలలూ కేసు సామాను కింద సీజు చేసి మాల్‌ఖానాలో పడేయాల్సొస్తుంది. అక్కడ ఎలకలున్నాయి మేడమ్. మీ మంచికే చెబుతున్నాను."

ఆయన వెళ్ళాక అక్కడే కుర్చీలో కూలబడ్డాను. నా వాణ్ణి లోకల్ చేయించింది నేనే. దోనెలో వెళ్ళి, చేతులారా పట్టించింది నేనే.

మర్నాడు కాగితాలు ముందేసుకున్నాను. పాఠకులు ఎన్నేళ్ళుగానో అడుగుతున్నారు, ఆ తోడేలుని ఎప్పుడు చంపుతారండీ అని. అచ్చు వేసినాయన కూడా పోయేముందు అదే అడిగాడు. ఎప్పుడూ ఒప్పుకోలేదు. వాడు రాత్రి చేసిన పాపానికి పగలంతా ఏడ్చి ఏడ్చి శిక్ష వేసుకుంటాడు, ఇంక చంపేదేముంది? అయినా రాయబోయాను. 'తూటా సింహాచలం గుండెల్లో' అన్న దాకా వచ్చి పెన్ను ఆగిపోయింది. బావురుమన్నాను. వంటింట్లోకి వినపడేలా ఏడ్చాను.

మా ఆయన వచ్చి పక్కన నిలబడ్డారు. ఆయనకి ఓదార్చడం చేతకాదు. చేతిలో పేపరుంది కాబట్టి అందులోది చదివి వినిపించారు. "చూశావుటే, మా పాత ఇంజనీరు ఈఈ గారు నిన్న సన్మానం చేయించుకున్నాడు. వంతెన కూలిన కేసు ఆయనదే. మా సర్వీసంతా అయిపోయింది గానీ దానికి ఇంకా ప్రాసిక్యూషన్ అనుమతి రాలేదు."

"అనుమతి ఏమిటి?"

"గవర్నమెంటు ఉద్యోగి కదా! డ్యూటీలో చేసినదాని మీద కేసు నడపాలంటే పైనుంచి అనుమతి రావాలి. అదెక్కడొస్తుంది?" అని ఆయన మళ్ళీ పేపర్లో పడ్డారు.

నేను కళ్ళు తుడుచుకున్నాను. చీర మార్చుకున్నాను. బెజవాడ బస్సెక్కాను.

"మేడమ్, మీ రాక శుభసూచకము," అన్నారు చిదంబరేశ్వరరావు గారు. ఆయన మొహంలో ఏదో దిగులుంది. కదిపితే చెప్పారు. సంస్థలో 'భయ సహాయకుడు' అని ఒక పోస్టు ఉందట. లోకల్ అభ్యర్థినే తీసుకోవాలట. పరీక్ష పెడితే వందలమంది రాశారు గానీ, ఇంటర్వ్యూలో ఒక్కడూ బోర్డును భయపెట్టలేకపోయాడు. బోర్డే వాళ్ళని భయపెట్టింది. ఈ ఏడు భర్తీ కాకపోతే పోస్టు రద్దు.

"నా దగ్గర ఒక అభ్యర్థి ఉన్నాడండి," అన్నాను. "లోకల్. ఉభయ రూపాల్లోనూ సర్టిఫికెట్టుంది. భయపెట్టడంలో పదమూడు నవలల అనుభవం. సత్ప్రవర్తన కూడా రాసిచ్చారు."

ఆయన కళ్ళు మెరిశాయి. "విద్యార్హత?"

"ఆరో తరగతి మధ్యలో మానేశాడు."

"భయ సహాయకునకు అది చాలును. ఇంటర్వ్యూకు హాజరు కాగలడా?"

"పున్నమి నాడైతే వస్తాడండి. బోర్డు సభ్యులు ఎంతమంది ఉంటారు?"

ఆయన గబగబా పెన్ను మూత తీశారు. "ఇంటర్వ్యూను సడలించెదము," అన్నారు. "ఏ తేదీ నుండి నియమించమందురు?"

"మొదటి నవల తేదీ నుంచీనండి. అనుభవం అంతా సర్వీసులో కలవాలి కదా."

"న్యాయమే," అని సంతకం పెట్టారు. ప్రజలను స్థానికంగా భయపెట్టు నిమిత్తము సదరు సింహాచలం ప్రతి పౌర్ణమికి తోడేలు రూపమున విధులు నిర్వర్తించుచున్నాడని, సదరు విధులు వెనకటి తేదీ నుండి అమలులో ఉన్నవని. కింద ముద్ర పడింది. ఇరవై ఏళ్ళుగా మా వాడు గవర్నమెంటు ఉద్యోగి అయి ఉన్నాడు, మాకే తెలీదు!

ఉత్తర్వు చూసి ధర్మలింగం గారు లేచి నిలబడ్డారు. "ముందే చెప్పచ్చు కదా మేడమ్, మాలాంటి గవర్నమెంటువాడేనని," అన్నారు. అనుమతి కోసం పైకి రాశారు. ఆ కాగితం పైకి వెళ్ళింది. ఇంకా అక్కడే ఉంది. నత్తలంకవాళ్ళు మాత్రం అప్పుడే ఇంకో అర్జీ పెట్టారు, సింహాచలం గారు జీతం తీసుకుంటూ మూడు పున్నములుగా డ్యూటీకి రావడం లేదని, మేకలు మేకలుగానే ఉండి పరిహారానికి దారి లేకుండా పోయిందని.

నాకవన్నీ పట్టలేదు. నా వాడు బతికాడు! సంతోషంతో పద్నాలుగో నవల మొదలుపెట్టాను. చేయి పరిగెత్తింది. పున్నమొచ్చింది, వాడికి బొచ్చు మొలిచింది, చొక్కా పిగిలింది. ఈసారి వాడి చేతికి చిక్కింది ఒక చేపలు పట్టే కుర్రాడు, అప్పుడే పెళ్ళి కుదిరినవాడు. ఇంక తెల్లారాలి. నేను నవలలు రాసేదే ఆ తెల్లారే పేజీ కోసమండి. వాడు లేచి, చేతులు చూసుకుని, తలకొట్టుకుని ఏడుస్తాడు, వాడితో పాటు నేనూ ఏడుస్తాను, అది చదివి ఎక్కడో ఎవరో ఏడుస్తారు.

తెల్లారింది. సింహాచలం తుంగలో లేచి కూచున్నాడు. చేతులకి నెత్తురుంది. చూసుకున్నాడు. నేను పెన్ను పట్టుకుని ఎదురుచూశాను.

వాడు ఏడవలేదు. చేతులు గడ్డికి తుడుచుకుని, ఒళ్ళు విరుచుకుని ఆవలించాడు.

కాగితం చింపేశాను. మళ్ళీ రాశాను. బతిమాలాను. ఒరేయ్, ఆ కుర్రాడికి తల్లి ఉందిరా, బియ్యం కడిగి పెట్టుకుని ఎదురుచూస్తోందిరా అని, ఆ తల్లిని తీసుకొచ్చి శవం మీద పడేసి గుండెలు బాదుకునేలా రాశాను. వాడు ఆమెని చూశాడు. పాపం అని కూడా అనలేదు.

"ఏదైనా చెప్పుకోవాలంటే ఆఫీసుకి రాసుకోండమ్మా," అన్నాడు. తర్వాత నా వైపు తిరిగాడు. "టీచరు గారూ, రాత్రి పని చేశాం కదా, ఇవాళ సెలవు ఉంటుందాండీ?"

పెన్ను కింద పెట్టేశాను. ఏడో తరగతి నుంచీ ఇన్ని తోడేళ్ళని చూశాను, ఇంటినిండా పెట్టుకున్నాను, పక్కలో పెట్టుకుని పడుకున్నాను. జన్మలో మొదటిసారి వాడంటే నాకు భయమేసింది.